పసుపు నీళ్లు, చికెన్ షాపు: మాంసం తినడం తప్పా?

వడ్డేపల్లి నుంచి, అంటే మన నడిగడ్డ నుంచి మాట్లాడుతున్నా. చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: “అన్నా, మాంసం తినడం తప్పా?” అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పి తప్పించుకోను. ముందు నా సంగతి చెప్తా.

మాది గొర్లు కాసిన కుటుంబం. నాకు పదేళ్లున్నప్పుడు ఒక నల్ల పొట్టేలు పిల్ల ఎప్పుడూ నా వెనకాలే తిరిగేది. దాన్ని కర్రెగాడు అని పిలిచేవాణ్ణి. జాతరకు దాన్ని మొక్కు కింద ఇచ్చారు. పసుపు నీళ్లు చల్లి, అది ఒళ్లు విదిలించేదాకా ఆగారు. మొదటిసారి కదల్లేదు. మళ్లీ చల్లితే విదిలించింది. “ఒప్పుకుంది” అన్నారు. ఆ రోజు నేను అన్నం ముట్టలేదు. మర్నాడు మాత్రం తిన్నా, అబద్ధం చెప్పను.

అది నిజంగా ఒప్పుకుందా? నీళ్లు పడితే ఏ జీవమైనా విదిలిస్తుంది. కానీ మనుషులు ఎందుకు ఆగారు? ఊరికే చంపడానికి చెయ్యి రాలేదు కాబట్టి. గుడి ఆవరణలో బలి ఇవ్వకూడదని మన దగ్గర 1950 నాటి చట్టమే ఉంది. అయినా మొక్కులు ఆగలేదు, చంపే ముందు కలిగే ఆ జంకూ పోలేదు.

ఈ జంకు మనకే కాదు. ప్రాచీన గ్రీకులు కూడా బలిపశువు మీద నీళ్లు చల్లి, తల ఊపితే ఒప్పుకున్నట్టు అనుకునేవారని పాత రచనల్లో ఉంది. ముస్లింలు అల్లా పేరు తలుచుకుని కోస్తారు; కత్తి పదునుగా ఉండాలి, జంతువును సతాయించకూడదు. యూదులైతే కోసే ముందు కత్తికి చిన్న నొక్కు కూడా లేదని చూసుకోవాలి. బౌద్ధ భిక్షువులకు పాత నియమం ఒకటుంది: తన కోసం చంపారని చూసినా, విన్నా, అనుమానం వచ్చినా ఆ మాంసం తినకూడదు. జైనులైతే మాంసమే కాదు, నేలలో పెరిగే దుంపలు కూడా వదిలేస్తారు.

మన పక్కనే ఇంకో సాక్ష్యం ఉంది. తుంగభద్ర దాటితే కర్నూలు జిల్లా. అక్కడ ఎర్రగుడిలో అశోకుడి శాసనాలు బండల మీద ఉన్నాయి. క్రీ.పూ. 3వ శతాబ్దం నాటివి. ఆయన మొదటి శిలాశాసనం ఏం చెప్తుందంటే, ఒకప్పుడు రాజుగారి వంటింట్లో కూర కోసం రోజూ లక్షల ప్రాణులను చంపేవారట. ఇప్పుడు మూడే: రెండు నెమళ్లు, ఒక జింక. ఆ జింక కూడా రోజూ కాదు, ముందుముందు ఈ మూడూ ఉండవు అని. నాకు ఇందులో నచ్చింది ఆ నిజాయితీ. “నేను మానేశాను” అని గొప్పలు పోలేదు. ఇంకా ఎన్ని చంపుతున్నారో లెక్కతో సహా రాయించాడు.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. 2014 ప్రభుత్వ సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటినవాళ్లలో 98 శాతానికి పైగా మాంసాహారులే. మనం తినే బ్రాయిలర్ కోడి బతికేది దాదాపు ఆరు వారాలు. గుడ్లు పెట్టే కోడికి చాలా ఫారాల బోనుల్లో దొరికే చోటు ఒక ఎ4 కాగితం అంత కూడా ఉండదు. అలాంటి ఇరుకు బోనులను యూరప్ యూనియన్ 2012 నుంచి నిషేధించింది. షాపుకు వచ్చేటప్పుడు వాటిని కాళ్లు కట్టి బండికి తలకిందులుగా వేలాడదీస్తారు. జంతువుకు నొప్పి కలిగేలా తీసుకెళ్లడం మన 1960 చట్టం ప్రకారం నేరం. అయినా రోజూ చూస్తున్నాం కదా. పసుపు నీళ్లు లేవు, ఆగడం అసలే లేదు. మనం ఫోన్‌లో ఆర్డర్ పెడతాం, ముక్కలు వస్తాయి.

“మరి మొక్కలకు ప్రాణం లేదా?” అంటారు. ఉంది. కానీ నొప్పి తెలియడానికి కావాల్సిన నరాలు, మెదడు మొక్కకు లేవు. పైగా కోడి కిలో పెరగాలంటే కిలోన్నర పైనే దాణా తినాలి. మొక్కల మీద జాలి ఉన్నా, నేరుగా గింజలు తినడమే నయం.

ఇంకో వైపు కూడా చెప్పాలి. హైదరాబాద్‌లో రూమ్ కోసం తిరిగినప్పుడు ఒక ఇంటాయన మొదట అడిగింది అద్దె గురించి కాదు, “మీరేం తింటారు?” అని. చెప్పగానే గేటు వేశాడు. ఆ అడగడంలో కోడి మీద జాలి లేదు. నా కులం ఏంటో తెలుసుకోవాలని అడిగాడు. గుడ్ల జాతి కోళ్లలో మగపిల్లలను పుట్టిన రోజే చంపేస్తారు. పాలివ్వని దూడ, ఎద్దు చివరికి ఎక్కడికి పోతాయో పల్లెలో అందరికీ తెలుసు. అంటే పాలు తాగేవాళ్ల చేతులు కూడా పూర్తిగా శుభ్రం కాదు. అలాంటప్పుడు పళ్లెం చూసి మనిషికి మార్కులు వేయడం ఏం న్యాయం?

అందుకే నా మాట ఇది. “ఎవరు తింటున్నారు?” అని అడిగితే గొడవలే మిగులుతాయి. “ఆ ప్రాణికి ఏమవుతోంది?” అని అడిగితే ఏదైనా మారుతుంది. నేను పూర్తిగా మానలేదు. ఇంట్లో గొర్లు అమ్మిన డబ్బుతోనే చదువుకున్నా, ఆ మాట దాచను. కానీ రోజూ తినే అలవాటు వదిలేశా, పండక్కో చుట్టం వస్తేనో తింటున్నా. షాపులో కోళ్లను తలకిందులుగా తెస్తే అక్కడ కొనను, ఎందుకు కొనట్లేదో కూడా చెప్తా. మొదటిసారి ఆయన నవ్వాడు. ఇప్పుడు ట్రేల్లో తెస్తున్నాడు.

మీరు మానేస్తారా, తగ్గిస్తారా, అలాగే తింటారా, అది మీ ఇష్టం. ఈసారి ఆర్డర్ బటన్ నొక్కే ముందు మాత్రం ఒక్క క్షణం ఆగండి. మా ఊళ్లో పసుపు నీళ్లు చల్లి ఆగినంతసేపు చాలు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.