గుట్టకు ఊరే కావలి

కొండల్లో నాలుగు రోజులు గడపాలనుకునే తెలుగువాళ్ల నోట ముందుగా వచ్చేవి ఊటీ, మున్నార్, అరకు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల గుట్టల పేర్లు ఎవరూ తలవరు. మబ్బులు తగిలే శిఖరాలు, వణికించే చలి ఇక్కడ లేని మాట నిజమే. ఈ గుట్టల గొప్పదనం వాటి వయసులో ఉంది. జనగామ చుట్టుపక్కల బోడగుట్టల గ్రానైట్‌ది సుమారు 250 కోట్ల ఏళ్ల వయసు. బయ్యారం గుట్టల్లో ఇనుప ఖనిజం ఉంది, భూపాలపల్లి నేల కింద గోదావరి లోయ బొగ్గు పొరలున్నాయి. మనుషుల చరిత్ర కూడా ఈ రాళ్లనే అంటిపెట్టుకుని నడిచింది. పాలకుర్తి గుట్ట గుహల్లో సోమేశ్వరుడు, లక్ష్మీనరసింహస్వామి కొలువున్నారు. ఖిలాషాపూర్‌లో సర్వాయి పాపన్న కోట ఉంది. రేగొండ దగ్గరి పాండవుల గుట్టల్లో ప్రాచీన మానవులు ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, తెలుపు రంగులతో వేసిన బొమ్మలు 1990లో పురావస్తు శాఖ కంటపడ్డాయి. ఇంత ఉన్న ఈ గుట్టలకు జనం రావాలి. అయితే ఆ రాకపోకల మీద అజమాయిషీ, వాటి మీద వచ్చే ఆదాయం గుట్ట కింది ఊరి చేతిలో ఉండాలి. లేకపోతే గుట్టా మిగలదు, ఊరికీ ఏమీ మిగలదు.

జనం ఎందుకు రావాలన్నది ముందు తేల్చుకోవాలి. గ్రానైట్ గుట్టకు ఈ రోజు మార్కెట్ కట్టే వెల ఒక్కటే: పేల్చి, దిమ్మెలుగా కోసి, లారీకెక్కిస్తే వచ్చే వెల. నిలబడి ఉన్న గుట్టకు ఖాతా పుస్తకంలో విలువ సున్నా. కానీ అది ఊరికి చేసే మేలు చిన్నది కాదు. గుట్టల మీద పడిన వాననీరు దిగువకు జారి చెరువుల్లో చేరుతుంది. కాకతీయులు తమ పెద్ద చెరువులను ఈ సూత్రం మీదనే కట్టారు. గణపతిదేవుని సోదరి మైలాంబ 13వ శతాబ్దంలో తవ్వించిన బయ్యారం చెరువుకు నేటికీ గుట్టల నీరే ఆధారం. క్వారీ వల్ల కొందరికి కూలి, ప్రభుత్వానికి రాయల్టీ దక్కుతాయి, కాదనలేం. ఆ ఆదాయం రాయి ఉన్నంత కాలమే. కోసిన గుట్ట మళ్లీ మొలవదు. చూడవచ్చేవాళ్ల వల్ల ఊళ్లో నలుగురికి ఏటా పని దొరికితే, నిలబడి ఉన్న గుట్టకూ లెక్కలో చోటు దొరుకుతుంది. దాన్ని కాపాడాలని అడగడానికి ఊరికి ఒక బలమైన కారణం ఏర్పడుతుంది.

అలాగని తలుపులు బార్లా తెరిస్తే మరో ముప్పు. వేల ఏళ్లు ఎండకూ వానకూ తట్టుకున్న బొమ్మ మీద పేరు చెక్కడానికి ఒక మేకు చాలు. జలపాతాల దగ్గర ప్రాణాలకే ప్రమాదం. గూడూరు మండలంలోని భీముని పాదం జలపాతం వానాకాలంలోనే నిండుగా దూకుతుంది. వాగులు ఉప్పొంగేదీ అప్పుడే. అంటే జనం ఎక్కువగా వచ్చే రోజులూ, రాకూడని రోజులూ ఒకే కాలంలో పడతాయి. 2023 జులై చివరి వారంలో పొరుగున ఉన్న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వాన కురిసింది. మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచెత్తితే హెలికాప్టర్లు దిగాల్సి వచ్చింది. అదే సమయంలో ములుగు జిల్లా ముత్యంధార జలపాతం చూడబోయిన పదుల మంది అడవిలో చిక్కుకుపోయారు, సహాయక బృందాలు రాత్రివేళ వెళ్లి వాళ్లను బయటికి తెచ్చాయి. ఏ వాన పడితే ఏ వాగు ఎంతసేపట్లో దారి మూసేస్తుందో ఆ ఊరి పశువుల కాపరికి తెలుస్తుంది. ఆ తెలివికి జీతం, మాటకు అధికారం ఇవ్వడమే అసలైన భద్రతా ఏర్పాటు.

ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. 2006 అటవీ హక్కుల చట్టం అడవినీ, నీటి వనరులనూ, సాంస్కృతిక వారసత్వాన్నీ కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్నతరహా ఖనిజాల లీజుకు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు ముందుగా ఉండాలి. మహబూబాబాద్ జిల్లాలో కొత్తగూడ, గంగారం వైపు ఉన్న కోయ గూడేలకు ఇవి అక్షరాలా వర్తిస్తాయి. షెడ్యూల్డ్ ప్రాంతం కాని జనగామ వైపు పంచాయతీ, అటవీ శాఖ, పురావస్తు శాఖ కలిసి ఒప్పందం రాసుకోవచ్చు. రోజుకు ఇంతమందే, దారి చూపే మనిషి ఊరివాడే, టికెట్ సొమ్ములో సగానికి తగ్గకుండా ఊరికే, వాగు పొంగితే గేటు మూసే నిర్ణయం అక్కడికక్కడే. ఈ నాలుగు షరతులూ కాగితం మీద ఉంటే చాలావరకు పని జరిగినట్టే.

గుట్టల సంగతి బయటపెట్టకుండా ఉంటేనే క్షేమం కదా అని కొందరంటారు. గుట్టుగా ఉంచడం రక్షణ కాదు. ఎవరికీ తెలియని గుట్టను పేల్చినా అడిగేవాడు ఉండడు. పరిమితి పెడితే ఎవరూ రారన్నది మరో మాట. ఊటీ, కొడైకెనాల్ వెళ్లే వాహనాలకు మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఈ-పాస్ తప్పనిసరి చేశారు. అంత పేరున్న కొండలే జనం పోటు తట్టుకోలేక ఆ దారి పట్టాయి. మనం ఆ స్థితి దాకా ఆగకుండా మొదటి రోజునుంచే హద్దు గీసుకోవడం తెలివైన పని. టికెట్ పేదవాడికి భారమవుతుందన్న అభ్యంతరం మాత్రం న్యాయమైనది. దేవుడి దర్శనానికి వచ్చే భక్తుల దగ్గర, మూడు జిల్లాల బడిపిల్లల దగ్గర పైసా తీసుకోకూడదు. నిజానికి ఆ పిల్లలే మొదటి యాత్రికులు కావాలి. తమ ఊరి గుట్ట వయసెంతో, దాని నీళ్లు ఏ చెరువుకు పోతాయో తెలిసిన పిల్లలు రేపు గ్రామసభలో కూర్చుంటారు. క్వారీ లీజు కాగితం ముందుకొచ్చినప్పుడు వాళ్లు తెలిసి చెప్పే అవునో కాదో ఈ గుట్టల భవిష్యత్తును తేలుస్తుంది.