రూపాయి వడ్డీకి తోడు

మొన్న మనవరాలు ఫోను చేసింది. "తాతయ్యా, బ్యాంకులో పన్నెండు శాతం అంటున్నారు. మా వీధిలో ఒకావిడ రూపాయి వడ్డీకే ఇస్తానంటోంది. పన్నెండు కన్నా ఒకటి చవకే కదా!"

నవ్వు ఆపుకున్నాను. రూపాయి వడ్డీ అంటే నూటికి, నెలకి. ఆ "నెలకి" అన్న మాట మనవాళ్ళు పైకి అనరు, తెలిసిందే కదా అని మింగేస్తారు. ఈ నెలల లెక్క ఇవాళ్టిది కాదు. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు అడిగిందీ ఇదే తీరు: నెలకి నూటికి అయిదు చొప్పున పదహారుకి ఏడాదిలో ఎంత వడ్డీ? జవాబు తొమ్మిదీ మూడు బై అయిదు. ఏడాదికి 60 శాతమన్నమాట! పుస్తకంలో లెక్కే అయినా గుండె ఝల్లుమంటుంది.

సరే, పన్నెండుని పన్నెండుతో భాగిస్తే ఒకటి. రెండూ ఒకటేనా? నెలనెలా వడ్డీ కట్టేస్తుంటే ఒకటే. కట్టకపోతేనే తంటా. 2002 ఏప్రిల్ నుంచి మన బ్యాంకులు, పంట రుణాలు మినహాయిస్తే, అప్పుల మీద నెలనెలా వడ్డీ వేస్తున్నాయి. నిన్నటి పెరుగు ఇవాళ్టి పాలకి తోడైనట్టు, ఈ నెల వడ్డీ వచ్చే నెల అసలులో కలుస్తుంది. 100 కాస్తా 101, ఆపైన 102.01... ఏడాది తిరిగేసరికి 112 రూపాయల 68 పైసలు. ఆ 68 పైసలూ వడ్డీకి పుట్టిన వడ్డీ. వీధిలో ఆవిడ నోటు బారు వడ్డీదైతే, ఏడాది చివర ఒక్కసారే కట్టినా 112తో సరి. పిల్ల మాట నిజమే, కారణమే తప్పు!

నెలనెలా తోడు వేస్తూ కూడా ఏడాది చివర సరిగ్గా 112 రావాలంటే నెల రేటెంత ఉండాలి? భాగహారం పనిచెయ్యదు. ఏ అంకెని పన్నెండుసార్లు వేసి గుణిస్తే 1.12 వస్తుందో అది కావాలి. ఫోనులో 1.12కి రెండుసార్లు వర్గమూలం, ఆపైన ఓసారి ఘనమూలం తియ్యండి: 1.00949. అంటే నూటికి నెలకి 95 పైసలు, రూపాయి కాదు.

ఈ అయిదు పైసల తేడాకి నేను నిద్ర మానుకోను. నాకు భయం "ఫ్లాట్ రేటు" అన్న మాటంటేనే. లక్ష అప్పు, 12 శాతం ఫ్లాట్, పన్నెండు వాయిదాలు. లక్షకి పన్నెండు వేలు కలిపి పన్నెండుతో భాగిస్తారు: నెలకి 9,333. అదే 12 శాతం, తగ్గుతున్న అసలు మీద వేస్తే వాయిదా 8,885 మాత్రమే. మొత్తం వడ్డీ 6,600 పైచిలుకు. పెళ్ళికి అద్దెకి తెచ్చిన గంగాళాలు సగం తిరిగిచ్చేశాక కూడా అన్నిటికీ అద్దె కట్టమంటే ఊరుకుంటామా? ఫ్లాట్ లెక్క అలాంటిదే. దాని అసలు రేటు నెలకి దాదాపు 1.79, ఏడాదికి ఇరవై ఒకటిన్నర శాతం!

2024 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, కొత్తగా ఇచ్చే రిటైల్ అప్పులకి బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ ముఖ్య వివరాల పత్రం ఇచ్చి తీరాలి. ఛార్జీలు కూడా కలుపుకున్న ఏడాది రేటు అందులో ఉంటుంది, ఏపీఆర్ అన్న పేరుతో. సంతకం పెట్టేముందు ఆ అంకె ఎక్కడుందో వేలుపెట్టి చూపించమనండి.