సామాను బండి బాడుగ: ఖాళీ దారికి లెక్క ఏమిటి?

సరిహద్దు గ్రామాల కుటుంబాలకు ఇల్లు మారడం కొత్త విషయం కాదు. సొంత ఊరు ఒక రాష్ట్రంలో ఉంటే ఉద్యోగం పొరుగు రాష్ట్రంలో ఉంటుంది. పెద్దల పొలం ఒక వైపు, పిల్లల చదువు మరొక వైపు. బళ్లారి నుంచి గుంతకల్లుకు, రాయగడ నుంచి పార్వతీపురానికి, హోసూరు నుంచి కుప్పానికి, యానాం నుంచి కాకినాడకు మంచాలు, బీరువాలు, వంటపాత్రలు బండికెక్కించుకొని తరలివెళ్లే కుటుంబాలు ఎన్నో. దారి రెండు మూడు గంటలకు మించదు. అయినా సామాను దించే వేళకు బాడుగ దగ్గర మాట పెరగడం తరచుగా చూస్తుంటాం. "అయిదు వేలన్నారు కదా" అని ఇంటివారు అంటారు. "అది పోవడానికే, ఖాళీగా తిరిగి రావడానికి వేరే" అని డ్రైవరు అంటాడు. సామాను ఇంకా బండి మీదే ఉంటుంది. కొత్త ఇరుగుపొరుగు గడపల్లో నిలబడి చూస్తుంటారు. అడిగినంత ఇవ్వడం తప్ప ఆ క్షణాన మరొక మార్గం తోచదు.

ఈ తగవుకు మూలం చాలా సందర్భాలలో మోసం కాదు, లెక్క తెలియకపోవడం. మన సామాను బండిలో ఉన్నంతసేపే బండి మనకు పనిచేసిందని మనం అనుకుంటాం. బండి యజమాని మాత్రం షెడ్డు నుంచి బయలుదేరిన క్షణం నుంచి తిరిగి షెడ్డు చేరేవరకు లెక్కిస్తాడు. ఈ రెండు లెక్కల నడుమ ఉన్న తేడాయే ఖాళీ ప్రయాణం.

గంటల లెక్క

ఊరిలోపల, దగ్గరి ఊళ్లకు సామాను చేరవేసేటప్పుడు కొందరు గంటల చొప్పున బాడుగ కడతారు. ఒక ఉదాహరణ చూద్దాం. బండి షెడ్డు నుంచి మన ఇంటికి రావడానికి ఒక గంట, సామాను ఎక్కించడానికి రెండు గంటలు, ప్రయాణం రెండు గంటలు, దించడానికి గంటన్నర, ఖాళీగా తిరిగి వెళ్లడానికి రెండు గంటలు పట్టిందనుకుందాం. మన కంటికి కనిపించేది అయిదున్నర గంటలు. యజమాని లెక్క ఎనిమిదిన్నర గంటలు. గంటకు 300 రూపాయలని అనుకుంటే మన అంచనా 1,650; ఆయన బిల్లు 2,550. ఈ 900 రూపాయల తేడా ఖాళీ ప్రయాణానిదే. ధర ఊరిని బట్టి, బండిని బట్టి మారుతుంది కాని లెక్క తీరు మారదు.

కిలోమీటర్ల లెక్క

దూరం పెరిగితే కిలోమీటర్ల లెక్క వస్తుంది. ఇక్కడ బండి ఎక్కడిది అన్న ప్రశ్న ముఖ్యం. బళ్లారి నుంచి గుంతకల్లు సుమారు 50 కిలోమీటర్లు. బళ్లారి బండిని మాట్లాడుకుంటే అది నిండుగా 50 వెళ్లి ఖాళీగా 50 తిరిగి వస్తుంది. గుంతకల్లు బండిని పిలిపించినా ఖాళీగా 50 వచ్చి నిండుగా 50 వెళుతుంది. రెండు విధాలా 100 కిలోమీటర్లే. కాబట్టి "అవతలి వైపు బండి చవక" అన్న మాటలో దూరం దృష్ట్యా సారం లేదు. అదే పనికి తెలిసినవారి బండి అని అనంతపురం నుంచి పిలిపిస్తే, బళ్లారికి సుమారు 100, గుంతకల్లుకు 50, తిరిగి అనంతపురానికి సుమారు 80, మొత్తం 230 కిలోమీటర్లవుతుంది. కిలోమీటరు ధర కొంత తగ్గించినా మొత్తం బాడుగ పెరుగుతుంది.

అన్నిటికంటె చవక తిరుగు బండి. గుంతకల్లు నుంచి బళ్లారికి సరుకు దించి ఖాళీగా వెళ్లవలసిన లారీకి మన సామాను దొరికితే, ఎలాగూ ఖర్చయ్యే డీజిలుకు అంతో ఇంతో రాబడి వస్తుంది. అందుచేత యజమాని బాడుగ తగ్గించగలడు. తేదీ విషయంలో ఒకటి రెండు రోజులు వెసులుబాటు ఉన్నవారు ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ముందుగా చెప్పి ఉంచితే ఇటువంటి బండి దొరికే అవకాశం ఉంది.

సరిహద్దు పేరుతో వచ్చే ఖర్చులు

"చెక్‌పోస్టులో ఆలస్యమవుతుంది, ఈవే బిల్లు తీయాలి" అని అదనంగా అడిగేవారున్నారు. 2017 జూలై 1న జీఎస్టీ అమలులోకి వచ్చిన తరువాత రాష్ట్రాల వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులను ఎత్తివేశారు. వాడిన గృహోపకరణాలకు, సొంత వస్తువులకు ఈవే బిల్లు అవసరం లేదని నిబంధనలలోనే ఉంది.

పర్మిట్ విషయం వేరు. బండి, సరుకు కలిపి మొత్తం బరువు 3,000 కిలోలకు మించని సరుకు బండ్లకు మోటారు వాహనాల చట్టం, 1988 పర్మిట్ నుంచి మినహాయింపు ఇచ్చింది. అంతకు పెద్ద బండి సరిహద్దు దాటాలంటే నేషనల్ పర్మిట్ గాని, తాత్కాలిక పర్మిట్ గాని ఉండాలి. యానాం నుంచి కాకినాడకు దూరం కొద్దిదే అయినా అదీ సరిహద్దు దాటడమే. పర్మిట్, పొరుగు రాష్ట్రపు పన్ను ఎవరి ఖర్చో బయలుదేరక ముందే అడగాలి.

టోలు లెక్కలోనూ ఒక మెలకువ అవసరం. జాతీయ రహదారి టోలు గేటులో 24 గంటల లోపు తిరిగి వచ్చే బండికి రానుపోను కలిపి ఒకవైపు రుసుముకు ఒకటిన్నర రెట్లే పడుతుంది. రెండు రెట్లు కాదు.

ముందుగా కాగితం మీద

బేరం కుదిరినప్పుడే ఈ సంగతులు తెల్లకాగితం మీదనైనా రాయించుకోవాలి: బాడుగ ఒకవైపుకా, రానుపోనుకా, గంటలు షెడ్డు నుంచి మొదలవుతాయా, మన ఇంటి నుంచా, ఎక్కించడానికి, దించడానికి ఎన్ని గంటలు ఉచితం, ఆ పైన గంటకు ఎంత, రాత్రి ఆగవలసి వస్తే హాల్టింగు, డ్రైవరు బత్తా ఎంత, హమాలీలు, టోలు, పర్మిట్ ఎవరివి. మొత్తం బాడుగ, ఇచ్చిన అడ్వాన్సు, బండి నంబరు, తేదీ వేసి ఇద్దరూ సంతకం చేస్తే చాలు. చెల్లించిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోవాలి.

ఇంత చేసినా అన్యాయం జరిగితే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను సలహా పొందవచ్చు. బండి యజమాని పొరుగు రాష్ట్రంవాడైతే అక్కడి కోర్టుల చుట్టూ తిరగాలేమోనన్న భయం అక్కరలేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలకు మించకపోతే రుసుము కూడా లేదు.

చివరగా ఒక మాట. ఖాళీగా తిరిగి వెళ్లే డ్రైవరుకు ఆ దారి కూడా శ్రమే, డీజిలు కూడా ఖర్చే. ముందుగా ఒప్పుకొని, సామాను దిగాక "ఏరు దాటాక బోడి మల్లయ్య" అన్న చందాన బేరమాడడం ఇంటివారికి తగదు. ముందుగా చెప్పకుండా, సామాను బండి మీద ఉండగా కొత్త లెక్క తీయడం బండివారికీ తగదు. ఖాళీ దారికి వెల ఉంది. ఆ వెల ఎంతో బండి కదలక ముందే ఇరువైపులా తెలియాలి.