నీట మునిగినను బ్రతుకు వరి

సార్వా పైరు పిలకలు వేయు సమయములో ముంపు వచ్చుట గోదావరి డెల్టా పల్లపు చేలకు క్రొత్త కాదు. తుపాను వాన కురియును. మురుగు కాలువలు గుర్రపుడెక్కతో పూడి యుండును. నీరు దిగుటకు దారి లేక వారము, పది రోజులు చేలలోనే నిలిచిపోవును. నీరు తీసిన నాడు గట్టుమీద నిలుచుండి రైతు అడుగు ప్రశ్న ఒక్కటే: ఈ పైరును ఉంచవలెనా, దున్నివేయవలెనా?

నేను ఉద్యోగములో చేరిన తొలి యేట ఈ ప్రశ్నకు తప్పు జవాబు చెప్పినాను. పదకొండు రోజులు నీట మునిగిన రెండెకరాల చేను అది. ఆకులన్నియు బురద పూసుకొని, గోధుమ రంగుకు తిరిగి, నేలకు అంటుకొని యున్నవి. మురుగు వాసన వచ్చుచున్నది. ఆ చేను గల పెద్దాయన "ఏం చెయ్యమంటారండీ? దున్నించెయ్యమంటారా?" అని అడిగినారు. "ఇంకేముందండీ బాబాయి గారూ, దున్నించి స్వల్పకాలిక రకం వేసుకోండి" అన్నాను. ఆ సాయంకాలమే ట్రాక్టరు వచ్చి ఒక ఎకరము దమ్ము చేసినది. చీకటి పడుటచే రెండవ ఎకరము మిగిలిపోయినది. మరునాడు ట్రాక్టరు వేరొకరి చేనికి పోయినది. తొమ్మిది రోజుల తరువాత నేను అటు వెళ్లగా, మిగిలిన ఎకరములో దుబ్బు దుబ్బున లేత ఆకు లేచి చేను పచ్చబడి యున్నది. ప్రక్కనే దమ్ము చేసిన ఎకరము నారు దొరకక ఖాళీగా పడియున్నది. ఆయన నన్ను ఒక్క మాట కూడ అనలేదు. ఇంటికి తీసికొనిపోయి అటకమీద దాచిన ఖాళీ విత్తన సంచి తెచ్చి చూపించినారు. దానిపై "స్వర్ణ-సబ్1" అని యున్నది. ఆ మూడక్షరముల తోకకు అర్థమేమో ఆయనకు తెలియదు. నాకు తెలిసియు, సంచి చూడవలెనను ఆలోచన రాలేదు.

ఆ తోక వెనుక జీవశాస్త్రము ఇటీవల సాధించిన ఒక గొప్ప ఫలితము గలదు. అందులో మన మారుటేరుకును పాత్ర కలదు గనుక కొంత వివరముగా వ్రాయుచున్నాను.

వరి నీటి మొక్కయే గదా, నీట మునిగిన చచ్చుట యెందుకని పలువురు అడుగుదురు. వరి వేళ్లు నీటిలో నుండగలవు గాని, ఆకు గాలిలో నుండవలెను. వాయువులు గాలిలో కదలు వేగముతో పోల్చిన, నీటిలో పదివేల రెట్లు నెమ్మదిగా కదలును. మొక్క పూర్తిగా మునిగినప్పుడు దానికి గాలి అందదు. బురదనీటిలో వెలుతురు కూడ చాలదు. పైగా మొక్కలో పుట్టిన ఇథిలీన్ అను వాయువు బయటకు పోలేక లోపలనే చిక్కుకొనును. మాగిన అరటిపండ్ల నుండి వెలువడి ప్రక్క గెలను కూడ మాగించు వాయువు ఇదియే. ఈ ఇథిలీన్ పేరుకొనగనే సాధారణ వరి మొక్క "నేను మునిగినాను, పైకి పోవలెను" అని గ్రహించినట్లు ఆకులను, కాండమును వేగముగా సాగదీయును. జిబ్బరెల్లిన్ అను పెరుగుదల హార్మోను ఇందుకు తోడ్పడును. అడుగు లోతు నీరు మూడు నాలుగు రోజులు నిలిచినచో ఈ ఉపాయము ఫలించును. నీరు లోతై, పది రోజులు నిలిచినచో మొక్క తన కాండములో దాచుకొన్న పిండి పదార్థము, చక్కెర అంతయు సాగుటకే వ్యయము చేసి, నీరు దిగునప్పటికి చేతిలో చిల్లిగవ్వ లేనిదగును. సాగిన ఆ బలహీనపు కాండము నీరు తీయగనే పడిపోవును.

ఒరిస్సా ముంపు ప్రాంతములలో రైతులు తరతరాలుగా పండించిన ధలపుటియా అను నాటు రకము ఇట్లు చేయదు. దాని నుండి ఏరి తీసిన వంగడమునకే ఎఫ్.ఆర్. 13ఎ అని పేరు. అది నీట మునిగినప్పుడు పెరుగుటను ఆపివేసి, కదలక మెదలక పడియుండును. దాచుకొన్న ఆహారమును పొదుపుగా వాడుకొని, రెండు వారముల తరువాత నీరు దిగినను ఆ మిగులుతో మరల చిగురించును. అయితే గింజ నాణ్యత, దిగుబడి తక్కువ. దీనిని మంచి రకములతో సంకరపరచు ప్రయత్నములు ఎన్నో జరిగినవి. ముంపు గుణముతో పాటు దాని చెడు గుణములు కూడ వెంట వచ్చుచుండుటచే ఆ సంకర రకములను రైతులు ఆదరించలేదు.

చిక్కు విడుటకు జన్యుశాస్త్రము తోడ్పడినది. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో కెనాంగ్ షూ, డేవిడ్ మాకిల్ అను శాస్త్రజ్ఞులు, ఈ గుణములో అధికభాగము వరి యొక్క 12 క్రోమోజోములలో 9వ దానిపై ఒక్క చోటనే యున్నదని 1996లో తెలిపినారు. ఆ చోటునకు సబ్1 అని పేరు పెట్టినారు. పదేండ్ల తరువాత, 2006లో, వారును, పమేలా రోనాల్డ్, జూలియా బెయిలీ-సెర్రెస్ మున్నగువారును కలిసి అచ్చటి అసలు జన్యువును, సబ్1ఎ ను, గుర్తించి నేచర్ పత్రికలో ప్రకటించినారు. ఇథిలీన్ సంకేతమును అందుకొని, జిబ్బరెల్లిన్ పనికి అడ్డుకట్ట వేయుటయే ఆ జన్యువు చేయు పని. అనేక వరి రకములలో ఈ జన్యువు అసలు లేదు, లేదా పని చేయని రూపములో నున్నది.

ఇచ్చట ఒక ముచ్చట. లోతు నీటి వరి రకములు కొన్ని దీనికి పూర్తి వ్యతిరేకముగా, నీరు పెరిగినకొలది మీటర్ల ఎత్తు సాగి తల పైకెత్తుకొని బ్రతుకును. ఆ గుణమునకు కారణమైన జన్యువులను జపానులోని నగోయా విశ్వవిద్యాలయము వారు 2009లో కనుగొన్నారు. అవియు సబ్1ఎ కుటుంబమునకు చెందినవే. ఒకే ఇంటి బిడ్డలలో ఒకడు పరుగెత్తుమనును, ఒకడు కూర్చుండుమనును. నెలల తరబడి నీరు నిలుచు చోట మొదటివాని మాట మేలు, పది రోజులలో దిగు చోట రెండవవాని మాట మేలు.

ఇక స్వర్ణ సంగతి. వశిష్ఠ, మసూరి రకములను సంకరపరచి మారుటేరు పరిశోధనా స్థానములో రూపొందించి, 1982లో విడుదల చేసిన ఎం.టి.యు. 7029 రకమే స్వర్ణ. ఆంధ్ర దేశము దాటి ఒరిస్సా, బెంగాలు, బీహారు పల్లపు భూములన్నింట వ్యాపించినది. తక్కువ ఎరువుతో మంచి దిగుబడి నిచ్చును గాని, ముంపునకు మాత్రము లొంగిపోవును. అందుచే ఫిలిప్పైన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వారు సబ్1 చేర్చుటకు స్వర్ణనే ఎన్నుకొన్నారు. ఈ పనిని వివరించు 2007 నాటి పరిశోధన వ్యాసమునకు ప్రథమ రచయిత్రి సి. ఎన్. నీరజ, హైదరాబాదు రాజేంద్రనగరులోని వరి పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞురాలు.

వారు చేసిన పద్ధతి ఇది. స్వర్ణను ముంపు గుణము గల వంగడముతో సంకరపరచి, వచ్చిన సంతతిని మరల మరల స్వర్ణతోనే సంకరపరచినారు. ప్రతి తరములోను వందలాది మొక్కల లేత ఆకును పరీక్షించి, క్రోమోజోముపై గుర్తుల సాయముతో సబ్1 ఉండి, తక్కిన భాగము స్వర్ణగా నున్న మొక్కలను మాత్రమే నిలుపుకొన్నారు. పూర్వము పొలములో ముంచి, పండించి, రుచి చూచి ఏరుటకు పదేండ్లు పట్టు పని, ఆకు ముక్కతో రెండు మూడు తరములలో పూర్తియైనది. ఈ పద్ధతినే మన హైదరాబాదు సంస్థలు సాంబ మసూరిలో ఎండాకు తెగులును తట్టుకొను మూడు జన్యువులను చేర్చుటకు వాడి, 2008లో మెరుగుపరచిన సాంబ మసూరిని విడుదల చేసినవి. దీనిని జన్యుమార్పిడి పైరుగా కొందరు భావించుచున్నారు. అది పొరపాటు. వరి నుండి వరికి, పుప్పొడి ద్వారా వచ్చిన గుణమే ఇది. హైబ్రిడ్ కూడ కాదు. బెరుకులు ఏరి కోసిన చేని గింజను మరుసటి యేటికి విత్తనముగా నుంచుకొనవచ్చును.

స్వర్ణ-సబ్1 మన దేశములో 2009లో విడుదలైనది. ఒరిస్సాలోని 128 గ్రామములలో రైతుల పొలములలోనే జరిపి 2013లో ప్రకటించిన పరిశీలనలో, పది రోజులు మునిగిన చేలలో స్వర్ణ కంటె స్వర్ణ-సబ్1 దిగుబడి 45 శాతము ఎక్కువ వచ్చినది. ముంపు రాని చేలలో రెండింటికి తేడా లేదు. ముంపు చేలు పేదల చేతిలో, ముఖ్యముగా షెడ్యూల్డు కులముల వారి చేతిలో నుండుట ఎక్కువ గనుక లాభమును వారికే హెచ్చుగా చేరునని ఆ పరిశీలకులు వ్రాసినారు. తరువాతి పరిశీలనలో మరియొక సంగతి తేలినది. పైరు పోదను ధీమా కలిగిన రైతులు ఎరువు, నాట్లు మొదలగు వాటిపై పూర్వము కంటె ఎక్కువ పెట్టుబడి పెట్టినారు. ముంపు రాని యేడు కూడ దిగుబడి పెరిగినది. ఇది నాకు అన్నిటికంటె గొప్ప ఫలితముగా తోచుచున్నది.

కాని దీనికి గల హద్దులను దాచి చెప్పుట రైతులకు ద్రోహము. విత్తిన వెంటనే, మొలక దశలో నీరు నిలిచినచో ఈ గుణము కాపాడదు. వెదజల్లు పద్ధతిలో సాగు చేయువారు ఇది గమనించవలెను. పూత దశలో మునిగినను గింజ తాలుపోవును. నడుము లోతు నీరు నెలల తరబడి నిలుచు చేలకు ఇది తగదు. ఉప్పు నీటి ముంపునకు కూడ పనికిరాదు. బురద హెచ్చుగా నుండి నీరు వేడెక్కినచో రెండు వారములు తట్టుకొను మొక్క వారమునకే చచ్చిపోవచ్చును.

లేత నారు కంటె ముదిరిన నారు ముంపునకు ఎక్కువ ఓర్చుకొనును. నారుమడికి భాస్వరము తప్పక వేయవలెను. తుపాను హెచ్చరిక యున్నప్పుడు యూరియా చల్లరాదు. నత్రజనితో మెత్తబడిన మొక్క నీటిలో త్వరగా కుళ్లును.

నీరు దిగిన పిమ్మట చేనిలో దిగి త్రొక్కరాదు, పశువులను విడువరాదు. చేనిలో నాలుగైదు చోట్ల దుబ్బు పెకలించి, మొదలు వద్ద కాండమును గోటితో నిలువుగా చీల్చి చూడవలెను. లోపలి మొవ్వు తెల్లగా, గట్టిగా నున్నచో ఆకు ఎంత చెడినను ఆ దుబ్బు బ్రతికియున్నది. మెత్తబడి, గోధుమ రంగుకు తిరిగి వాసన వచ్చినచో చచ్చినది. సందేహమున్న చేనిని వారము, పది రోజులు వేచి చూడవలెను. ఆ లోపల తిరిగి నాటుటకు కావలసిన నారు సిద్ధము చేసికొనుటలో తప్పు లేదు. క్రొత్త ఆకు కనుపించిన తరువాతనే ఎకరమునకు 20 కిలోల యూరియాను కొంత పొటాష్‌తో కలిపి చల్లవలెను. నీరు తీసిన నాడే చల్లిన యూరియా వృథా. చచ్చిన దుబ్బుల స్థానములో, బ్రతికిన గట్టి దుబ్బుల నుండి పిలకలు చీల్చి నాటవచ్చును.

గ్రామ వ్యవసాయ సహాయకులు నాట్ల సమయముననే ఏ చేనిలో ఏ రకము పడినదో వ్రాసి యుంచుకొన్నచో, ముంపు నాడు నేను పడిన పొరపాటు వారు పడరు. రైతులు సంచి పారవేసినను, దాని చీటీని మాత్రము భద్రపరచవలెను.

కోతల వేళ మరియొక సందేహము వచ్చును. స్వర్ణ వడ్లు బంగారు చాయ గలవి గనుకనే ఆ పేరు. స్వర్ణ-సబ్1 వడ్లు మాత్రము గడ్డి రంగులో నుండును. ఊక రంగును మార్చు జన్యువు సబ్1 ప్రక్కనే యుండి దానితో కూడి వచ్చినది. లోపలి బియ్యము స్వర్ణ బియ్యమే. కల్తీ విత్తనమని రైతులు కంగారు పడరాదు. వేరే రకమని మిల్లువారు ధర తగ్గింపజూచినచో, పొట్టు తీసి గింజ చూపించవలెను.