సైక్లోన్ అంటే పాము చుట్ట: ఆ పేరులోనే ఉంది జాగ్రత్త

తుపాను అనే మాట మనకు పాతదే. మరి సైక్లోన్ అనే మాట ఎక్కడ పుట్టింది? మన బంగాళాఖాతానికి దగ్గర్లోనే, కలకత్తాలో!

అక్కడ హెన్రీ పిడింగ్టన్ అనే ఆంగ్లేయుడు ఓడల దినచర్య పుస్తకాలు తిరగేసి, ఏ ఓడకు ఏ దిక్కు గాలి తగిలిందో లెక్క తీశాడు. తుపాను గాలి తిన్నగా వీచదు, గుండ్రంగా తిరుగుతుందని గ్రహించి, 1848లో నావికుల కోసం వేసిన పుస్తకంలో దానికి సైక్లోన్ అని పేరు పెట్టాడు. గ్రీకు మాట నుంచి తీసుకున్నాడు. చుట్ట చుట్టుకున్న పాములాంటిది అని భావం. మన వాయుగుండం అనే మాటలోనూ ఆ గుండ్రమే ఉంది చూడండి. ఇప్పుడు మన వాతావరణ శాఖ లెక్కలో గాలి గంటకు 62 కిలోమీటర్లు చేరితేనే అది తుపాను. అంతకు తక్కువైతే వాయుగుండం, తీవ్ర వాయుగుండం.

ఈ చుట్ట సంగతి రైతుకెందుకు అంటారా? మన వైపు భూగోళంలో ఈ గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. గాలికి ఎదురుగా నిలబడితే తుపాను కేంద్రం మీ కుడిచేతి వైపు, కాస్త వెనక్కి ఉంటుంది. దిక్కు మారకుండా గాలి పెరుగుతూనే ఉంటే కేంద్రం మీ మీదికే వస్తోందని అర్థం.

చుట్ట మధ్యలో ఉండేది కన్ను. అది మన ఊరి మీదికొస్తే గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. తుపాను పోయిందనుకుని పశువుల కోసమో, మోటారు కోసమో పొలానికి బయల్దేరకండి. పాము సగమే దాటింది! కాసేపటికి రెండో సగం వస్తుంది, అదీ ఎదురు దిక్కు నుంచి. తూర్పు నుంచి వచ్చే తుపానులో ముందు ఉత్తరపు గాలి కొడితే, కన్ను దాటాక దక్షిణపు గాలి కొడుతుంది. మొదటి గాలికి వదులైన చెట్టూ, రేకూ రెండో గాలికి పడిపోతాయి.

అందుకే అరటికి పోటు ఒక పక్కనే పెడితే చాలదు, రెండు పక్కలా పెట్టాలి. పెద్ద తుపానుకు పోట్లు కూడా ఆగవు కాబట్టి, హెచ్చరిక రాగానే పక్వానికొచ్చిన గెలలు కోసేయండి. పోట్లు కట్టే విధానం కింది వీడియోలో చూపించాం. పంట పోతే మళ్లీ వేసుకోవచ్చు. అధికారులు చెప్పేదాకా మాత్రం గడప దాటకండి.