పోలా నుంచి తులసి పెళ్లి దాకా

నాలుగు నెలలు కట్టుకొయ్య దగ్గరే నిలబడ్డ గుర్రం మళ్లీ సవారీకి సిద్ధం కావాలంటే ఎన్నాళ్లు పడుతుంది? చంద్రపూర్ పెళ్లి గుర్రాలకైనా, ఒలింపిక్ గుర్రానికైనా ఓపికే మందు.

ఆషాఢ శుద్ధ ఏకాదశి వస్తే చంద్రపూర్‌లో బారాత్ బ్యాండ్ల జోరు తగ్గిపోతుంది. మహారాష్ట్ర సంప్రదాయంలో చాతుర్మాసం నాలుగు నెలలూ పెళ్లి ముహూర్తాలు పెట్టరు. ఆషాఢం ఒక్కటీ దాటించి శ్రావణంలోనే మేళం పెట్టించే తెలుగువాళ్లకు ఇది చాలా పెద్ద విరామం. కార్తీకంలో తులసి వివాహం అయ్యాకే అక్కడ మళ్లీ పెళ్లిసందడి మొదలవుతుంది. అంతవరకూ పెళ్లికొడుకును మోసే గుర్రానికి పెద్దగా పని ఉండదు.

పని లేకపోవడం కష్టమే. పని ఒక్కసారిగా మీద పడటం అంతకంటే పెద్ద కష్టం.

విరామంలో ఉన్న గుర్రం చూడ్డానికి బాగానే ఉంటుంది. ఒళ్లు నిగనిగలాడుతుంది, పొట్ట కాస్త పెరుగుతుంది. జీను ఆనే చోట చెయ్యి పెట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. వెన్నుకు రెండు వైపులా ఉండాల్సిన కండ తగ్గి, వేళ్లకు గుంటలు తగులుతాయి. నిరుడు సరిగ్గా అమరిన జీనే ఇప్పుడు ఒరుసుకుని పుండు పెడుతుంది. పని మళ్లీ మొదలుపెట్టాక గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లోనే దారిలో పడతాయి. కండరాలకు నెలలు పడుతుంది. స్నాయువులు, ఎముకలు బలపడటానికి ఇంకా ఎక్కువ కాలం కావాలి. అంటే దమ్ము ముందొస్తుంది, కాళ్ల బలం ఆలస్యంగా వస్తుంది. గుర్రం ఉత్సాహంగా ఉరకబోతుంటే యజమాని మురిసిపోయి వదిలేస్తాడు. ముందుకాళ్ల వెనుక స్నాయువుకు దెబ్బ తగిలే ప్రమాదం అప్పుడే ఎక్కువ. అది చిట్లిందంటే మానడానికి 9 నుంచి 12 నెలలు పట్టవచ్చు. మానాక కూడా అతుకు పడ్డచోట మునుపటి సాగే గుణం పూర్తిగా రాదు. అందుకే అదే కాలికి మళ్లీ మళ్లీ దెబ్బ తగులుతుంటుంది.

ఈ ఓపికకు మన దేశంలో గొప్ప ఉదాహరణ రౌతు ఫవాద్ మీర్జా గుర్రం సెన్యోర్ మెడికాట్. ముద్దుపేరు మికీ. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఈవెంటింగ్ (మూడంచెల గుర్రపు పోటీ) వ్యక్తిగత విభాగంలో మీర్జాకు రజతం తెచ్చిపెట్టింది. 1982 తర్వాత ఆసియా క్రీడల గుర్రపు స్వారీలో భారత్‌కు దక్కిన తొలి వ్యక్తిగత పతకం అది. జట్టుకూ రజతం వచ్చింది. ఆ తర్వాత మికీ గాయపడి పోటీలకు దూరమైంది. వెంటనే బరిలోకి దించాలని తొందరపడలేదు. మీర్జా వేరే గుర్రాల మీద పోటీపడి ఒలింపిక్ అర్హత సంపాదించాడు. టోక్యోకు ముందుగా దజారా 4 అనే గుర్రం పేరు ప్రకటించి, తర్వాత కోలుకున్న మికీ వైపే మొగ్గాడు. 2021 ఆగస్టు 2న, 15 ఏళ్ల వయసులో, ఆ గుర్రం మీర్జాను ఫైనల్‌కు చేర్చింది. ఒలింపిక్ ఈవెంటింగ్‌లో జంపింగ్ ఫైనల్ దాకా వెళ్లిన తొలి భారతీయుడు అతనే. చివరికి దక్కింది 23వ స్థానం. గాయపడి లేచిన గుర్రంతో సాధించింది కాబట్టి ఆ స్థానం విలువ పతకానికి తక్కువేమీ కాదు.

చంద్రపూర్ గుర్రానికి మికీకి ఉన్నట్టు జర్మనీ శిక్షణశాల లేదు. కానీ చంద్రపూర్ ఉన్న విదర్భకు తనదైన క్యాలెండర్ ఉంది. శ్రావణ అమావాస్యకు ఎడ్లను అలంకరించే పోలా పండుగ వస్తుంది. అక్కణ్నుంచి తులసి వివాహానికి సుమారు పది వారాలు. గాయమేమీ లేకుండా కేవలం విరామంలో ఉన్న గుర్రానికి ఈ గడువు సరిపోతుంది. మొదటి వారం ఎవరూ ఎక్కకుండా, పగ్గం పట్టుకుని రోజుకు 20 నిమిషాలు నడిపించాలి. తర్వాత జీను వేసి, నడక మాత్రమే, గంట దాకా పెంచుకుంటూ పోవాలి. నాలుగో వారంలో ఒకటి రెండు నిమిషాల ట్రాట్ (చిన్న పరుగు). కాంటర్ (దౌడు) ఇంకా తర్వాతే. వారానికో రోజు విశ్రాంతి. అక్టోబరు ఎండ అక్కడ మళ్లీ మండుతుంది కాబట్టి తెల్లవారుజామునే ఈ పని ముగించడం మేలు.

రోజూ రెండు పరీక్షలు మానకూడదు. ఉదయం కట్టుతాడు విప్పకముందే మోకాలి కింద, కాలి వెనుక భాగాన్ని వేళ్ల మధ్య పట్టి పైనుంచి కిందికి తడిమి, రెండో కాలితో పోల్చాలి. ఒక కాలు వెచ్చగా, వాపుగా తోస్తే ఆ రోజు సవారీ లేదు. రెండోది నాడి. దవడ కింద వేలు పెడితే తెలుస్తుంది. విశ్రాంతిలో నిమిషానికి 28 నుంచి 44 ఉండాలి. పని ఆపిన పది నిమిషాలకు 60 లోపు దిగకపోతే ఆనాటి పని ఎక్కువైందని లెక్క.

దాణా దగ్గరా తొందర పనికిరాదు. పని పెరిగాకే ఉలవలు, ధాన్యం పెంచాలి. ఆ పెంపు కూడా వారం పదిరోజుల్లో కొంచెం కొంచెంగా జరగాలి. ఒక్కసారిగా మార్చితే కడుపునొప్పి వస్తుంది, అది ప్రాణాల మీదికి తెస్తుంది. సెలవు రోజున నిండుగా దాణా పెట్టి మర్నాడు పరిగెత్తిస్తే కండరాలు బిగుసుకుపోయి గుర్రం కాలు కదపలేకపోతుంది.

బాగా తింటున్నా చిక్కిపోతుంటే మాత్రం వ్యాయామం ఆపి రక్తపరీక్ష చేయించాలి. వానలు వెలిశాక జోరీగలు మోసుకొచ్చే సర్రా జ్వరం గుర్రాన్ని లోపల్నుంచి తినేస్తుంది. దాన్ని నడకతో బాగుచేయలేం.

ఇక బరువు. జీనుతో సహా గుర్రం మోసేది దాని బరువులో ఐదోవంతు మించకూడదన్నది సాధారణంగా పాటించే కొలత. 300 కిలోల గుర్రానికి 60 కిలోలన్నమాట. దక్కను నేల గుర్రాలు గట్టివే. 2023లో కేంద్రం గుర్తించిన దేశీ జాతుల్లో మన మాచర్ల గొర్రెతో పాటు మహారాష్ట్ర భీమ్‌థడి గుర్రమూ ఉంది. గట్టిదని 75 కిలోల పెళ్లికొడుకునూ, ముందు ఓ పిల్లాణ్నీ, వెండి పనితనపు జీనునూ కలిపి గంటలకొద్దీ మోయించడం న్యాయం కాదు. పైగా డీజే, బాణసంచా. నాలుగు నెలలు ప్రశాంతంగా ఉన్న గుర్రానికి ఆ మోతను కూడా దూరం నుంచి, తక్కువ చప్పుడుతో, రోజుకు కాస్త చొప్పున తిరిగి అలవాటు చేయాలి.

బల్లార్‌పూర్, రాజురా, చంద్రపూర్‌లలో ఈ కార్తీకం తర్వాత పెళ్లి పెట్టుకున్న తెలుగు కుటుంబాలకు ఓ విన్నపం. గుర్రానికి బయానా ఇచ్చేముందు ఒకసారి వెళ్లి చూడండి. ఎన్నాళ్ల నుంచి నడిపిస్తున్నారో అడగండి. జీను తీయించి వీపు చూడండి, పుండు కనిపిస్తే వేరే గుర్రాన్ని మాట్లాడుకోండి. పెళ్లికొడుకు బరువు ఎక్కువైతే మండపం ముందు చివరి వంద అడుగులు మాత్రమే ఎక్కించండి.