బీపీ చూసే నర్సే మనసునూ అడగాలి

"నిద్ర పట్టడం లేదమ్మా. ఒళ్ళంతా నొప్పులు. గుండె దడగా ఉంటోంది." ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి డిప్రెషన్ చాలాసార్లు ఈ మాటలతోనే వస్తుంది. బీకాంప్లెక్స్, నొప్పుల మాత్రలు తీసుకుని వెళ్ళిన మనిషి నెల తిరక్కుండా అదే బాధతో మళ్ళీ వస్తుంది. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్ళలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. డిప్రెషన్ ఉన్నవాళ్ళలో సుమారు 85 శాతం మందికి చికిత్సే అందడం లేదని అదే సర్వేలో తేలింది. సైకియాట్రిస్టు ఎక్కడో పట్నంలో ఉంటారు, నర్సు మాత్రం దగ్గరే ఉంది.

ఆమె చేతిలో ఉండాల్సిన మొదటి పనిముట్టు ఒక చిన్న కాగితం. పీహెచ్‌క్యూ-9 అనే ఆ ప్రశ్నావళిలో గత 2 వారాల గురించి 9 ప్రశ్నలుంటాయి. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. మొత్తం 10 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరు శ్రద్ధగా చూడాలి. జబ్బును నిర్ధారించేది డాక్టరే. అయితే షుగరు పరీక్షలో లాగా ఇక్కడా ఒక అంకె దొరుకుతుంది కాబట్టి, వచ్చే నెల తగ్గిందో పెరిగిందో నర్సు చెప్పగలదు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. డిప్రెషన్ మందుల గుణం కనబడడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. వికారం, తలనొప్పి వంటి ఇబ్బందులేమో మొదటి వారంలోనే వస్తాయి. మేలు కనబడక ముందే బాధ పెరిగితే ఎవరైనా మందు మానేస్తారు. సరిగ్గా అప్పుడు నర్సు ఫోన్ చేసి "ఎలా ఉన్నారు? మాత్రలు వేసుకుంటున్నారా? వికారం కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది" అంటే చికిత్స నిలబడుతుంది. సాయంత్రం కాసేపు నడవడం, మానేసిన పూలమొక్కల పని మళ్ళీ పట్టుకోవడం వంటి చిన్న పనులు ఒప్పించి చేయించడమూ చికిత్సలో భాగమే.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో సైకియాట్రిస్టు వేన్ కేటన్ బృందం ఈ నర్సు తోడు పద్ధతిని పరీక్షించి చూసింది. షుగరో గుండెజబ్బో ఉండి, డిప్రెషన్ కూడా ఉన్న 214 మందిని తీసుకుని, దాదాపు సగం మందికి నర్సు తోడు ఏర్పాటు చేసింది. ఆ నర్సులు వారం వారం సైకియాట్రిస్టుతో కూర్చుని, ఎవరు మెరుగుపడడం లేదో చర్చించి మందు మార్పించేవారు. 2010లో వెలువడిన ఫలితాల్లో, ఏడాది తిరిగేసరికి నర్సు తోడున్నవాళ్ళకు డిప్రెషన్‌తో పాటు షుగరు, బీపీ, చెడు కొలెస్ట్రాల్ కూడా మామూలు చికిత్స కంటే బాగా తగ్గాయి. విశాఖపట్నం, చెన్నై, బెంగళూరు, ఢిల్లీ షుగరు క్లినిక్కుల్లో 404 మందితో జరిగిన అధ్యయనం 2020లో వచ్చింది. అక్కడ ఆ పని చేసింది డాక్టర్లు కాని సమన్వయకర్తలు. ఫలితం అదే దారిలో ఉంది.

ప్రశ్నావళిలో తొమ్మిదోది చావు ఆలోచనల గురించి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది నర్సులు జంకుతారు. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి. పైగా అడిగినందుకు ఊరట పడేవాళ్ళూ ఉంటారు. "అవును" అనే జవాబు వస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు, అదే రోజు డాక్టరుకు చూపించాలి, ఇంట్లోవాళ్ళకు చెప్పి పురుగుల మందు డబ్బాలు అందకుండా తీయించాలి. మన పల్లెల్లో ఈ చివరి జాగ్రత్త ప్రాణాలు కాపాడుతుంది. 14416 నంబరుకు చేస్తే టెలీ మానస్ సేవ ఉచితంగా, తెలుగులోనూ అందుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయి క్లినిక్కుల్లో బీఎస్సీ నర్సింగ్ చదివిన మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లు (ఎంఎల్‌హెచ్‌పీలు) ఇప్పటికే ఉన్నారు. ఆయుష్మాన్ భారత్ కింద వాళ్ళు అందించాల్సిన 12 రకాల సేవల్లో మానసిక ఆరోగ్యం ఒకటి. ఒక్కపూట శిక్షణ ఇచ్చి ఇంకో రిజిస్టరు చేతిలో పెడితే ఇది నడవదు. కేటన్ బృందంలో నర్సుకు దొరికినట్టు, వారానికి ఒక గంట జిల్లా సైకియాట్రిస్టు ఫోన్లోనైనా దొరకాలి. ఆ గంటను ఆమె డ్యూటీలోనే లెక్కగట్టాలి.